ఒకే పెదవి, రెండు వాద్యాలు: ట్రంపెట్, ట్రాంబోన్ మార్చి మార్చి ఊదితే ఏమవుతుంది?

క్లుప్తంగా: ట్రంపెట్ ఊదేవారు దానికన్నా పెద్దదీ, కింది స్థాయిలో పలికేదీ అయిన ఇత్తడి వాద్యం ట్రాంబోన్ పట్టుకుంటే పెదవి పాడవుతుందన్న మాట బ్యాండు మేళాల్లోనూ సంగీత తరగతుల్లోనూ తరచు వినిపిస్తుంది. వాద్యం మారినంత మాత్రాన పెదవి దెబ్బతినదు. ఒకదాని బిగింపును రెండోదాని మీదికి తీసుకెళ్లడం, అలసిన పెదవిని మౌత్‌పీస్‌తో (వాద్యానికి పెదవి ఆనించే గిన్నెలాంటి కొసతో) నొక్కి పని చేయించుకోవడం దెబ్బతీస్తాయి. ట్రంపెట్ నుంచి ట్రాంబోన్‌కు వెళ్లినప్పుడు వచ్చే ఇబ్బంది వేరు, అటు నుంచి తిరిగి వచ్చినప్పుడు ఎదురయ్యేది వేరు. జాగ్రత్తలన్నీ ఈ తేడా మీదే ఆధారపడి ఉంటాయి.

పెళ్లిళ్ల కాలంలో సికింద్రాబాద్ వీధుల్లో రాత్రిపూట బరాత్ సాగుతుంటుంది. గంటకు పైగా పాట నడిపించిన ట్రంపెట్ కళాకారుడు ఒక్క క్షణం ఆగి పెదవులు తుడుచుకుంటాడు. దీపాల వెలుగులో అతని పెదవుల మీద గుండ్రటి ఎర్రని వాత కనిపిస్తుంది. మేళంలో కింది స్థాయి స్వరాలు ఊదే మనిషి ఆ రోజు రాలేదు. మాస్టరు సైగ చేయగానే ఇతను ట్రాంబోన్ అందుకుంటాడు. తొలి స్వరం సన్నగా, శ్రుతికి కాస్త పైన, ముక్కుతో పలికినట్టు వస్తుంది. ఒక పాట గడిచేసరికి కుదురుకుంటుంది. తిరిగి ట్రంపెట్ పట్టినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. గాలి బుస్సుమంటుంది గాని స్వరం పలకదు, పలికినా పై స్థాయి అందదు. అందుకోవాలని మౌత్‌పీస్‌ను పెదవికేసి గట్టిగా అదుముతాడు.

డీజేల పోటీలో చిన్న మేళంతో సరిపెట్టుకునే చోట రెండు వాద్యాలు తెలిసినవారికి పిలుపు ఎక్కువ. పాఠశాల బ్యాండ్లలో, చర్చి బృందాల్లో కూడా ట్రంపెట్ నేర్చినవారినే ట్రాంబోన్ ఊదమనడం మామూలే. వారికి దొరికే సలహాలు మాత్రం పొంతన లేనివి. ఒక గురువు ససేమిరా వద్దంటారు, మరొకరు ఏమీ కాదంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అది ఎంతవరకో తెలియాలంటే పెదవి చేసే పనిని దగ్గరగా చూడాలి.

పెదవే పీక

సన్నాయిలో కంపించేది రెల్లు పీక. పెదవులు దాన్ని పట్టి ఉంచుతాయి. పీక చెడితే తీసేసి మరొకటి తగిలిస్తారు. ఇత్తడి వాద్యాల్లో పీక అంటూ వేరే ఉండదు. రెండు పెదవుల మధ్య సన్నని సందులోంచి గాలి దూసుకుపోతూ పెదవి కండనే కంపింపజేస్తుంది. గొట్టంలోని గాలి అలలు వెనక్కి తిరిగి వచ్చి ఆ కంపనాన్ని తమ లయలోకి లాక్కుంటాయి. అలా స్వరం నిలబడుతుంది. అంటే ఇక్కడ పెదవే పీక. మార్చుకోవడానికి మరొకటి దొరకదు.

మౌత్‌పీస్ వెనుక పెదవులు, దవడ, బుగ్గలు, నాలుక కలిసి తీసుకునే అమరికను ఎంబషూర్ అంటారు. బ్యాండు వాళ్లు సులువుగా ‘లిప్’ అంటారు. నోటి చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్ ఓరిస్ కండరం ఇందులో ముఖ్యమైనది. బుగ్గ కండరాలు, పై పెదవిని ఎత్తేవి, మూలలను కిందికి లాగేవి అన్నీ నోటి మూలల దగ్గర ఒక ముడిలా కలుస్తాయి. ఆ ముడి గట్టిగా నిలబడితే మధ్యలోని పెదవి కండ స్వేచ్ఛగా ఆడుతుంది. పందిరి రాటలు గట్టిగా ఉన్నప్పుడే మధ్య గుడ్డ గాలికి హాయిగా ఊగినట్టు. రాటలు సడలితే గుడ్డ జారుతుంది. పెదవి మూలలు అలసినప్పుడు కూడా అంతే. కండరం చేయలేని పనిని చేయి తన మీద వేసుకుంటుంది, మౌత్‌పీస్‌ను పెదవికేసి నొక్కుతుంది. వాద్యకారుడికి ఆ సంగతి చాలాసార్లు తెలియను కూడా తెలియదు.

రెండు గుంటల కొలత

బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టాన్ని సాగదీస్తే సుమారు 1.5 మీటర్లు ఉంటుంది. టెనార్ ట్రాంబోన్ గొట్టం 2.7 మీటర్ల దాకా, దాదాపు రెట్టింపు. అందుకే ట్రాంబోన్ ఒక స్థాయి కింద పలుకుతుంది. ట్రంపెట్ మధ్య స్థాయిలో పిస్టన్లు (వేళ్లతో నొక్కే మీటలు) ఏవీ నొక్కకుండా వచ్చే బి ఫ్లాట్ స్వరానికి పెదవులు సెకనుకు సుమారు 466 సార్లు కంపిస్తాయి. ట్రాంబోన్‌లో దానికి సాటి స్వరానికి 233 సార్లు చాలు. కంపనం సగమైతే కండ మీద బిగువు కూడా ఆ మేరకు సడలాలి.

మౌత్‌పీస్ కొలతల్లో ఇంకా ఆసక్తికరమైన విషయం ఉంది. ట్రంపెట్ మౌత్‌పీస్ లోపలి గుంట వ్యాసం సాధారణంగా 16 నుంచి 17 మిల్లీమీటర్లు, ట్రాంబోన్‌ది 25 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వైశాల్యంలో చూస్తే ట్రాంబోన్ గుంట రెండు రెట్లకు పైమాటే. అంత మేర పెదవి ఎక్కువగా కంపనంలోకి వస్తుంది. ట్రంపెట్ మౌత్‌పీస్‌ను బయటి అంచుతో సహా కొలిస్తే సుమారు 27 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల బిళ్లంత. దాదాపు ఆ బిళ్ల పట్టేంత చోటు ట్రాంబోన్‌లో లోపలి గుంటకే పోతుంది. మరో మాటలో, ట్రంపెట్ అంచు పెదవిని ఎక్కడ నొక్కుతుందో ఆ చోటు ట్రాంబోన్ పట్టుకునేసరికి గుంట లోపలికి వస్తుంది. అక్కడి కండే ఇప్పుడు కంపించాలి.

బరాత్‌లో ట్రాంబోన్ మీద తొలి స్వరం ఎందుకు ముక్కుతో పలికినట్టు వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. గంటసేపు ట్రంపెట్ అంచు కింద నలిగి, రక్తప్రసారం తగ్గి, ఆ తరవాత ఉబ్బిన వలయమే ట్రాంబోన్‌లో కంపించాల్సిన కండ మధ్యలో ఉంది. పైగా ఆ కండరాలు ఇంకా ట్రంపెట్‌కు తగ్గ బిగువులోనే ఉన్నాయి.

వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు

ట్రంపెట్ నుంచి ట్రాంబోన్‌కు వెళ్లేటప్పుడు సమస్య బిగుసుకుపోవడం. పెదవులు లోపలికి ముడుచుకుని, దవడ మూసుకుని, నాలుక పైకి లేచి ఉంటాయి. తెలుగు అచ్చుల్లో చెప్పాలంటే నోటి లోపల ‘ఈ’ అమరిక. ట్రాంబోన్‌కు ‘ఓ’ కావాలి. పళ్ల మధ్య ఎడం పెరగాలి, నాలుక కిందికి దిగాలి. గాలి కూడా మారాలి. పొయ్యిలో నిప్పు రాజేయడానికి ఊదుగొట్టంతో సన్నగా, ఒత్తిడితో ఊదుతారు. కళ్లద్దాలు తుడిచేముందు వాటి మీద వెచ్చగా, వెడల్పుగా గాలి వదులుతారు. ట్రంపెట్ మొదటిదానికి దగ్గర, ట్రాంబోన్ రెండోదానికి దగ్గర. ట్రంపెట్ గాలినే ట్రాంబోన్‌లోకి ఊదితే శ్రుతి పైకి లేస్తుంది, నాదం పీలగా ఉంటుంది. వినడానికి బాగుండదు గాని పెదవికి పెద్ద హాని లేదు. ట్రాంబోన్ వెడల్పు అంచు నొక్కుడును ఎక్కువ మేర పంచుకుంటుంది.

తిరుగు దారి ప్రమాదకరం. ట్రాంబోన్ ఊదాక పెదవుల మధ్య సందు విశాలంగా, మూలలు సడలి ఉంటాయి. అదే అమరికతో ట్రంపెట్ పెడితే 16 మిల్లీమీటర్ల గుంటలో కండ ఎక్కువగా చొరబడి కంపించడానికి చోటు చాలదు. స్వరం పలకక గాలి మాత్రమే బయటికొస్తుంది. అప్పుడు రెండే దారులు. నిమిషం ఆగి మూలలను మళ్లీ నిలబెట్టుకోవడం ఒకటి. నొక్కి సందును మూసేయడం రెండోది. జనం ఎదురుచూస్తున్న వీధిలో ఎవరైనా రెండోదే చేస్తారు. ట్రంపెట్ అంచు సన్నం కాబట్టి ఆ బలమంతా కొద్దిపాటి కండ మీద పడుతుంది. ‘ట్రాంబోన్ నా లిప్ చెడగొట్టింది’ అనే మాట పుట్టేది ఇక్కడే. నిజానికి చెడగొట్టింది తిరిగి వచ్చాక ట్రంపెట్ మీద పడిన నొక్కుడు.

యూఫోనియం అనే, పిస్టన్లున్న పెద్ద ఇత్తడి వాద్యం ఊదేవారికి కూడా ఈ లెక్కంతా వర్తిస్తుంది. దాని గొట్టం పొడవు, మౌత్‌పీస్ పరిమాణం ట్రాంబోన్‌కు దగ్గరగా ఉంటాయి.

గాయం ఎలా అవుతుంది

నొక్కినప్పుడు అంచుకూ పళ్లకూ మధ్య పెదవి చిక్కుకుంటుంది. సన్నని రక్తనాళాలు మూసుకుని కండకు రక్తం అందదు. మొద్దుబారుతుంది. మొద్దుబారిన పెదవికి సున్నితమైన సవరింపులు చేతకావు గనుక ఇంకా నొక్కాల్సి వస్తుంది. ఈ చక్రం ఒక రాత్రి తిరిగితే వాపు, మర్నాటికి తగ్గుతుంది. వారాల తరబడి తిరిగితే కండరం నారలు దెబ్బతినవచ్చు. ట్రంపెట్ కళాకారుల్లో ఈ కండరం చిట్లిపోవడాన్ని వివరించిన ప్లానాస్ అనే సర్జన్ 1982లో దానికి ‘సాచ్మో సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. సాచ్మో అన్నది అమెరికా జాజ్ ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు. ఆయన పెదవి బాధతో 1930ల మధ్యలో కొంతకాలం ఊదడమే ఆపాల్సి వచ్చింది. ఆయన ట్రాంబోన్‌కు మారుతూ ఊదిన మనిషి కాడన్నది ఇక్కడ గమనించాలి. ఒకే వాద్యం, అతి తార స్వరాలు, విరామం లేని ప్రదర్శనలు చాలు పెదవి చిట్లడానికి.

రెండో రకం సమస్య కండరంలో కాదు, మెదడు ఇచ్చే ఆదేశాల్లో ఉంటుంది. దాన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. ఏళ్లుగా పలికిన స్వరం దగ్గర పెదవి మూల తనంతట తానే లాగేస్తుంది, వణుకుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు, తినేటప్పుడు కనిపించకపోవచ్చు. దీన్ని అలసట అనుకుని సాధన పెంచితే మరింత ముదరవచ్చు. చూపించాల్సింది నరాల వైద్యుడికి.

మూడోది చిన్నదిగా కనిపించే కారణం. పాత మౌత్‌పీస్ మీద వెండి పూత అరిగి ఇత్తడి బయటపడితే కొందరికి పెదవి చుట్టూ దురద, పొక్కులు వస్తాయి. మేళంలో ఒకే మౌత్‌పీస్ ఇద్దరు ముగ్గురు వాడితే జలుబు నుంచి పెదవి పుండ్ల దాకా పంచుకోవడమే. ట్రంపెట్, ట్రాంబోన్ రెండూ ఊదేవారు రెండు మౌత్‌పీసులూ సొంతంగా కొనుక్కోవడం మేలు. వాద్యం మేళానిది కావచ్చు, మౌత్‌పీస్ మాత్రం మనిషిది.

గుట్కా, వక్కల సంగతి విడిగా చెప్పాలి. వక్క నమిలే అలవాటు నోటి లోపలి పొరను క్రమంగా బిరుసెక్కించి, నోరు పూర్తిగా తెరుచుకోనివ్వని జబ్బు తెస్తుంది. దాని పేరు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. అది క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదమూ ఉంది. ట్రాంబోన్‌కు దవడ దిగాలి, బుగ్గ సాగాలి. ఈ జబ్బులో ఆ రెండూ పోతాయి. రాత్రి పని చేసే మేళాల్లో నిద్ర ఆపుకోవడానికి నోట్లో వేసుకునే పొట్లం పెదవికి ఏ వాద్యమూ చేయనంత హాని చేస్తుంది.

రెండూ ఊదినవారు ఏం చేశారు

మార్పే హానికరమైతే ఎవరూ రెండింటిలో నిలబడకూడదు. నిలబడినవారు ఉన్నారు, అందులో ఒకరికి తెలుగు నేలతో దగ్గరి సంబంధమే ఉంది. కెనడాలో పుట్టిన మేనార్డ్ ఫెర్గూసన్ (1928–2006) ట్రంపెట్ మీద అతి తార స్వరాలకు ప్రపంచ ప్రసిద్ధుడు. అదే మనిషి వేదిక మీద వాల్వ్ ట్రాంబోన్, అంటే ముందుకూ వెనక్కూ జరిపే గొట్టానికి (స్లైడుకు) బదులు పిస్టన్లున్న ట్రాంబోన్, ఊదేవారు. పిస్టన్లు, స్లైడు రెండూ ఉన్న ‘సూపర్‌బోన్’ అనే వాద్యాన్నీ వాడారు. ఆయన 1960ల చివర్లో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో పాఠాలు చెప్పారు. తరవాత పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ విద్యార్థుల బ్రాస్ బ్యాండుకు శిక్షణ ఇచ్చారు. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ మారిసన్ ఒకే కచేరీలో ట్రంపెట్, ట్రాంబోన్, యూఫోనియం ఊదడానికి పేరుపొందారు.

వీరి ప్రతిభ అందరిదీ కాదు, నిజమే. కానీ ఇలాంటివారి పద్ధతిలో ఒక పోలిక ఉంది. ట్రాంబోన్‌ను పెద్ద సైజు ట్రంపెట్‌గా ఊదరు. దానికి దాని నాదం, దాని గాలి ఇస్తారు. తెలుగు, ఉర్దూ రెండూ పుట్టుకతో మాట్లాడే హైదరాబాదీ ఒక భాష యాసను రెండోదానిలోకి తేకుండా మాట మధ్యలోనే మారగలడు. రెండు భాషలనూ విడివిడిగా నాలుక మీద నిలుపుకున్నాడు కాబట్టే అది సాధ్యం. పెదవి కండరాలూ అలాగే రెండు అమరికలను విడివిడిగా గుర్తుపెట్టుకోగలవు. రెండూ కలిపి నేర్పితే మాత్రం మధ్యరకం అమరిక ఒకటి పుడుతుంది. అది దేనికీ పనికిరాదు.

లిపి సంగతి కొద్దిగా. ట్రాంబోన్ స్వరాలను ఎక్కువ చోట్ల బాస్ క్లెఫ్‌లో, అంటే కింది స్థాయి స్వరాలకు వాడే గుర్తుతో, రాస్తారు. బ్రిటిష్ బ్రాస్ బ్యాండు సంప్రదాయంలో టెనార్ ట్రాంబోన్‌కు కూడా పై స్థాయి వాద్యాలకు వాడే ట్రెబుల్ క్లెఫ్ వాడతారు. ట్రంపెట్‌ను పోలిన కార్నెట్ వాయించేవారు కొత్త లిపి నేర్చుకోకుండానే మారడానికి అది వీలిస్తుంది. చెవితో నేర్చుకునే మేళాల్లో ఈ గొడవే లేదు.

హైదరాబాద్ కొట్లలో, వీధుల్లో

మౌత్‌పీస్ కొనేటప్పుడు అంకెలు తికమక పెడతాయి. మౌత్‌పీసులు తయారుచేసే బాక్ సంస్థ పద్ధతిలో అంకె పెరిగే కొద్దీ గుంట చిన్నదవుతుంది. పైగా ట్రంపెట్‌కూ 7సి ఉంది, ట్రాంబోన్‌కూ 7సి ఉంది. పేరు ఒకటే, కొలతలు పూర్తిగా వేరు. ట్రంపెట్ నుంచి వచ్చేవారికి ట్రాంబోన్‌లో 12సి, అంటే సుమారు 24.5 మిల్లీమీటర్లది, లేదా ఆరున్నర ఏఎల్, సుమారు 25.4 మిల్లీమీటర్లది, నయం. ‘పెద్దదైతే నాదం బాగుంటుంది’ అన్న మాట విని ఇంకా వెడల్పుది కొంటే పెదవి దాన్ని నింపలేక త్వరగా అలసిపోతుంది. గొట్టంలో దిగే కాడ సన్నది, లావుది అని రెండు రకాలు. వాద్యాన్ని వెంట తీసుకెళ్లి సరిచూసుకోవాలి.

ఊరేగింపులో ఇంకో ఇబ్బంది ఉంది. స్లైడును ముందుకు చాచితే అరమీటరుకు పైగా చోటు కావాలి. అందుకే సైనిక కవాతుల్లో ట్రాంబోన్లను ముందు వరసలో నడిపిస్తారు. పాతబస్తీ సందుల్లో, నాట్యం చేసే జనం మధ్య అంత చోటు దొరకదు. స్లైడుకు ఎవరి భుజమో తగిలితే ఆ దెబ్బ నేరుగా పళ్లకు, పెదవికి చేరుతుంది. ఇరుకు వీధిలో పిస్టన్ల ట్రాంబోన్ గాని యూఫోనియం గాని క్షేమం. ట్రంపెట్ వేళ్ల అలవాటు వాటికి పనికొస్తుంది కూడా.

కొత్త వాద్యం మొదలుపెట్టే సమయం గురించి విదేశీ పాఠాల్లో దొరకని జవాబు పంచాంగంలో ఉంది. ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు. మూఢం వచ్చినా అంతే. హైదరాబాద్‌లో ఆషాఢం బోనాల నెల అయినా అక్కడ ముందుండేవి డప్పులు. ట్రంపెట్ వారికి ఊపిరి తీసుకునే సమయం అది. మాఘం, వైశాఖాల్లో రాత్రికి రెండు మేళాలు ఉన్నప్పుడు ట్రాంబోన్ మొదలుపెట్టినవారు అలసిన పెదవితో అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటులో నొక్కుడు ముందే కలిసిపోయి ఉంటుంది. వైశాఖంలో ఎండ కూడా తోడవుతుంది. ఎండిన పెదవి చర్మం అంచు కింద సులువుగా పగులుతుంది.

మారే పద్ధతి

మొదటి నెలన్నర ఒకే పూటలో రెండూ ఊదకపోవడం మంచిది. పొద్దున ట్రంపెట్, సాయంత్రం ట్రాంబోన్. బతుకు ఏ వాద్యం మీద నడుస్తుందో, దానికి తాజా పెదవిని ఇవ్వాలి. ట్రాంబోన్ సాధన పావుగంటతో మొదలై నెమ్మదిగా పెరగవచ్చు. ఊదినంత సేపు ఊరుకోవడం అన్న పాత నియమం రెండింటికీ మంచిదే.

తరవాత ఒకే పూటలో మారడం. ట్రంపెట్ దించాక వెంటనే ట్రాంబోన్ ఎత్తకుండా పెదవులను గుర్రం బుసకొట్టినట్టు వదులుగా ఆడిస్తే నలిగిన వలయంలోకి రక్తం తిరిగి వస్తుంది. ట్రాంబోన్ మీద తొలి స్వరం మెల్లగా, మధ్య స్థాయిలో, ‘తో’ అంటున్నట్టు. తిరిగి ట్రంపెట్‌కు వచ్చినప్పుడు మౌత్‌పీస్ పెట్టకముందే నోటి మూలలను నిలబెట్టుకోవాలి. ‘మ్’ అన్నప్పుడు పెదవులు కలిసే తీరు దానికి దగ్గర. తొలి స్వరం మధ్య స్థాయిలో, తక్కువ శబ్దంతో ఉండాలి. పలకకపోతే దించి మళ్లీ పెట్టాలి గాని నొక్కకూడదు. ట్రంపెట్ మీద ఉండే చిటికెన వేలి కొక్కెంలో వేలు దూర్చి లాగే అలవాటు ఉన్నవారు ఆ వేలిని బయటికి తీసేస్తే నొక్కుడు కొంత దానంతట అదే తగ్గుతుంది.

ట్రాంబోన్ బరువును మోసేది ఎడమ చెయ్యి. అది అలసినప్పుడు వాద్యం కిందికి వాలి పెదవి మీద వేలాడుతుంది. కాబట్టి ఎడమ భుజానికీ విశ్రాంతి కావాలి. సాధన ముగించేది ఏ వాద్యంతోనైనా చివర రెండు మూడు నిమిషాలు కింది స్థాయిలో మెల్లగా ఊదితే కండరాలు సడలుతాయి. ట్రాంబోన్ దీనికి చక్కగా సరిపోతుంది.

పళ్లకు క్లిప్పులు ఉన్న పిల్లలకు ట్రంపెట్ సన్నని అంచు ఎక్కువ నొప్పి కలిగిస్తుంది. ఆ కాలంలో ట్రాంబోనే వారికి హాయి. చేయి పొడవు చాలని చిన్న పిల్లలకు మాత్రం స్లైడు చివరి స్థానాలు అందవు.

పెదవి పంపే సందేశాలను చదవడం కష్టం కాదు. వాద్యం దించిన కాసేపటికి ఎర్రని వాత మాయమవ్వాలి. మర్నాడు పొద్దున పళ్లు తోముకునేటప్పుడు కూడా అద్దంలో వాపు కనిపించినా, ఒకే బిందువు దగ్గర పోటు వచ్చినా, తిమ్మిరి వదలకపోయినా ఆ రోజు ఏ వాద్యమూ ముట్టకూడదు. రెండు మూడు రోజుల విశ్రాంతితో తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి.

మేళంలో ఈ విశ్రాంతి దొరకడం కళాకారుడి చేతిలో కన్నా పాటల వరస నిర్ణయించే మాస్టరు చేతిలో ఎక్కువ ఉంది. ట్రంపెట్ పాటకూ ట్రాంబోన్ పాటకూ మధ్య ఒక తీన్మార్ దరువు పెడితే పెళ్లివారు ఎలాగూ ఆడతారు. డప్పులు మోగే ఆ నాలుగు నిమిషాలు వాద్యం సంకలో పెట్టుకుని, కాసిని నీళ్లు తాగి, పెదవులు ఆడించుకోవడానికి ట్రంపెట్ మనిషికి చాలు.